గిబియోనీయులు మరువలేదు

పాఠ్యభాగము: 2 సమూయేలు 21:1–14. దీనితోకూడ యెహోషువ 9, 10 అధ్యాయములు ఇంటివద్ద చదువుకొని రావలెను.



ఈ మాసపు పాఠమునకు మేమెంచుకొనిన భాగము మన గుడులలో చాల అరుదుగా చదువబడును. కోత పండుగకు రూతు గ్రంథము తీయుదుము. వానలు లేనప్పుడు ఏలీయా కథ తీయుదుము. ఈ భాగములో కోతయు ఉన్నది, కరవును ఉన్నది. అయినను ఉరియు, శవములును, ఆకాశపక్షులును కూడ ఉన్నవి గనుక పుట తిప్పివేయుదుము. మేమును సెమినరీలో పాత నిబంధన పరీక్ష కొరకు దీనిని చదివి అక్కడనే విడిచిపెట్టితిమి. ఇరువది సంవత్సరముల సేవలో దీనిమీద ఒక్క ప్రసంగమైనను చేయలేదు. మరల తెరచుటకు కారణము, పోయిన సంవత్సరము ఆదిలాబాదు జిల్లాలో ఒక గోండు వృద్ధుడు మమ్మును అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నను తరువాత చెప్పెదము. ముందు కథ చదువుదము.

దావీదు ఏలుచున్న దినములలో మూడు సంవత్సరములు విడువక కరవు కలిగెను. మొదటి యేట వాన తప్పినప్పుడు, ఒక యేడు తప్పుట కద్దులే అని జనులు సరిపెట్టుకొని యుందురు. రెండవ యేట గాదెల అడుగు ఊడ్చి యుందురు. మూడవ యేట రాజు దేవుని సన్నిధిని విచారించెను. ఆయన అంతకుముందే యెందుకు విచారింపలేదో వ్రాయబడలేదు. దొరికిన జవాబు వానను గూర్చినది కాదు, విత్తనమును గూర్చినది కాదు. సౌలు గిబియోనీయులను హతము చేసెను, ఆ రక్తాపరాధము అతనిమీదను అతని ఇంటివారిమీదను ఉన్నదని దేవుడు తెలియజేసెను.

ఈ గిబియోనీయు లెవరు? వారు ఇశ్రాయేలీయులు కారు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటకమునుపే ఆ దేశములో కాపురమున్న అమోరీయులలో శేషించినవారని మన భాగమే చెప్పుచున్నది. అనగా వారు ఆ నేల మీద మొదటివారు. యెహోషువ 9వ అధ్యాయములో వారు ప్రాణభయముచేత ఒక ఉపాయము పన్నిరి. పాత గోనెలు, చినిగి కుట్టబడిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు పట్టుకొని, దూరదేశమునుండి వచ్చితిమని చెప్పి ఇశ్రాయేలు పెద్దలచేత ప్రమాణము చేయించుకొనిరి. మూడు దినములకే సంగతి బయటపడెను. అయితే దేవుని పేరట చేసిన ప్రమాణము గనుక పెద్దలు దానిని తప్పలేదు. వారిని చంపక, బలిపీఠమునకు కట్టెలు కొట్టువారినిగాను నీళ్లు మోయువారినిగాను నియమించిరి. దయ చూపుచునే చాకిరికి పెట్టిరన్నమాట. దేశమునకు మొదటి హక్కుదారులైనవారు కట్టెలకును కడవలకును పరిమితులైరి. ఈ మాట చదువునప్పుడు మనలో పెద్దవారు నవ్వరు. మన తాతలును దొరల ఇండ్లకు కట్టెలు కొట్టి, నీళ్లు మోసి వెట్టి చేసినవారే గదా.

ఇక్కడ ఒక చిన్న సంగతి. యెహోషువ ప్రార్థనచేత సూర్యుడు నిలిచిపోయిన సంగతి మన సండే స్కూలు పిల్లలందరికిని తెలియును. చేతులెత్తి అభినయముతోకూడ చెప్పుదురు. అయితే ఆ యుద్ధ మెందుకు జరిగెనని అడిగినయెడల ఉపాధ్యాయులుకూడ మెల్లగా ముఖము తిప్పుకొందురు. అయిదుగురు రాజులు కూడి గిబియోనును ముట్టడించిరి. గిబియోనీయులు కబురు పంపిరి. యెహోషువ తాను చేసిన ప్రమాణము నిమిత్తము రాత్రియంతయు నడిచి వారి రక్షణకు పోయెను. సూర్యుడు నిలిచినది ఆ దినముననే. ఆకాశము నిలిచినది మనకు జ్ఞాపకమున్నది. ఎవరి కొరకు నిలిచెనో వారిని మరచితిమి.

ఇప్పుడు పాఠములోని ముఖ్యమైన అంశమునకు వత్తము. సౌలు గిబియోనీయులను చంపిన సంగతి ఎక్కడ వ్రాయబడియున్నది? మొదటి సమూయేలు గ్రంథములో ముప్పది యొక్క అధ్యాయములున్నవి. సౌలు గాడిదలను వెదకుట మొదలుకొని గిల్బోవ పర్వతముమీద మరణించుట వరకు అతని సంగతు లనేకము అందులో ఉన్నవి. గిబియోనులో జరిగిన దానిని గూర్చి ఒక్క పంక్తియు లేదు. ఎందరు చనిపోయిరో, ఏ మాసములోనో, ఏ పొలములోనో లేదు. రాజు ఆ జనులను తన ప్రజల మేలు కోరి, ఆసక్తితో నిర్మూలము చేయ జూచెనని మాత్రము మన భాగములో, అదియు అతడు చనిపోయిన తరువాత, ఒక మాట వచ్చును. జరిగిన నాడు ఎవరును వ్రాయలేదు. దానిని జ్ఞాపకముంచుకొనినవారు ఇద్దరే: దేవుడు, గిబియోనీయులు.

గోండు వృద్ధుని ప్రశ్న ఈ స్థలమునకే తగిలినది.

పోయిన వేసవిలో మన యౌవనస్థులు కొందరితో కలిసి, ఇంద్రవెల్లి మండలములో ఒక గూడెమునకు రోగులను చూచుటకు వెళ్లితిమి. తిరిగి వచ్చునప్పుడు ఇంద్రవెల్లిలో ఆగితిమి. అక్కడ అమరవీరుల స్తూపము ఒకటి యున్నది. మా వారిలో ఒకడు నీడ కొరకు దాని యొద్దకు పోయి, గద్దెమీద టిఫిను డబ్బా పెట్టెను. అక్కడనున్న వృద్ధుడు కోపపడలేదు. డబ్బాను మెల్లగా తీసి క్రిందపెట్టి, మేము ఎవరమో అడిగి తెలిసికొని, ఇట్లనెను: "సారూ, మీ దేవుని పుస్తకంల చంపినోళ్ల సంగతే ఉంటదా, సచ్చినోళ్ల సంగతి గూడ రాసుంటదా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. యేసు ప్రభువే చంపబడినవాడు గదా అని చెప్పవచ్చును, అది సత్యమే. కాని ఆయన అడిగినది ఆ చోటును గూర్చి. ఆ చోటు సంగతి మాకు సరిగా తెలియదు. ఇంత చేరువలో నుండియు తెలియకపోవుట మా తప్పు. తరువాత తెలిసికొనినది ఇక్కడ వ్రాయుచున్నాము.

1981వ సంవత్సరము ఏప్రిల్ 20వ తేది సోమవారము. ఇంద్రవెల్లి సంత దినము. గిరిజన రైతు కూలీ సంఘమువారు ఆ దినమున అక్కడ సభ పెట్టుకొనిరి. వారడిగినవి క్రొత్త కోరికలు కావు. తాము దున్నుచున్న అడవి భూములకు పట్టాలు, పోయిన భూములు తిరిగి వచ్చుట, పంటకు న్యాయమైన ధర. సభకు అనుమతి తొలగించబడినది, గుంపులు కూడరాదని ఆజ్ఞ వెలువడినది. గూడెములలోని జనులకు ఆ ఆజ్ఞ ఎట్లు తెలియును? కొండ దారులవెంట కాలినడకన వచ్చుచునే యుండిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. చనిపోయినవారు పదముగ్గురని ప్రభుత్వపు లెక్క. అరువదికి పైగానని పౌరహక్కుల సంఘములవారును జనులును చెప్పుదురు. శవములను మోసికొనిపోయి అడవిలోనే మట్టి చేసినవారు కొందరు, గాయములతో గూడెము చేరి అక్కడ ప్రాణము విడిచినవారు కొందరని చెప్పుకొందురు. లెక్కకు రాని మరణము కాగితములో లేదు. అయితే ఆ ఇంటిలో ఉన్నది.

దీని వెనుక ఇంకను పాత కథ యున్నది. నైజాము కాలములో అడవులకు హద్దు రాళ్లు పాతి, రిజర్వు అడవియని పేరు పెట్టి, అందులోని గూడెములను ఖాళీ చేయించిరి. అటవీశాఖ జవానులు ఇండ్లు తగులబెట్టిరి. పట్టా అనగా ఏమో తెలియని గోండులు, కోలాములు దున్నిన భూమి, పట్టా వ్రాయించుకొనుట తెలిసినవారి పేర ఎక్కెను. కొమురం భీము పన్నెండు గూడెముల జనులను కూర్చుకొని, ఈ భూమి మాది అని నిలిచెను. 1940లో జోడేఘాటు కొండలలో అతడును అతనితో నున్నవారును కాల్చి చంపబడిరి. ఆ తరువాత నైజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని, ఈ జనులు ఎందుకు తిరుగబడిరో తెలిసికొని రమ్మని పంపెను. కాల్చిన తరువాత కారణము అడుగుట! దావీదును మూడు కరవుల తరువాత అడిగెను, రాజులు ఇట్టివారే. అయినను అడుగకుండుటకంటె అడుగుట మేలు. హైమెన్‌డార్ఫ్ చూచినది చూచినట్లు వ్రాసెను. 1943లో మార్లవాయి గ్రామములో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము ఏర్పడెను. అనేక కుటుంబములకు భూమి పట్టాలు దొరికెను.

ఈ జనులు తమ సంగతులను ఎట్లు నిలుపుకొందురో చూచి మేము ఆశ్చర్యపడితిమి. భీము మరణించిన తేదీని గూర్చి చదువుకొనినవారు ఇంకను వాదించుకొనుచున్నారు. ఒకరు సెప్టెంబరు అందురు, ఒకరు అక్టోబరు అందురు. గోండులకు వాదము లేదు. వారికి అది ఆశ్వయుజ పౌర్ణమి. ఆ చంద్రుడు వచ్చినప్పుడు జోడేఘాటుకు నడుతురు. కాగితము చెదలు పట్టవచ్చును; పౌర్ణమిని ఎవరు దాచగలరు? వారి వంశముల కథలను ప్రధానులను గాయకులు కింగ్రి వాయించుచు తరతరములుగా చెప్పుకొని వచ్చిరి. ఒక ప్రధాను కుటుంబమునకు ఫలాని గోండు వంశముల కథ చెప్పుట బాధ్యత. మెస్రం వంశమువారు ఏటేట పుష్యమాసములో గోదావరికి కాలినడకన పోయి, నీళ్లు తెచ్చి, కేస్లాపూరులో నాగోబా జాతర జరుపుదురు. క్రొత్తగా వచ్చిన కోడండ్రను ఆ జాతరలో దేవతయెదుటను పెద్దలయెదుటను పరిచయము చేయుదురు. వారి ఆరాధన మన ఆరాధన కాదు, ఆ భేదమును మేము దాచము. కాని ఇంటికి వచ్చిన కోడలికి ఈ ఇంటి కథ తెలియవలెనను పట్టుదలను చూచి, బాప్తిస్మము పుచ్చుకొనిన పిల్లలకు మన సంఘపు కథను మనమెంతవరకు చెప్పుచున్నామని సిగ్గుపడితిమి. మన గుడి పునాదిరాయి ఎవరు మోసిరో మన యౌవనస్థులలో ఎందరికి తెలియును?

వారు అన్యాయమును మాత్రమే జ్ఞాపకముంచుకొనరు. మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్నవి. గోండులే వాటిని కాపాడుచు ఏటేట నివాళులర్పించుచున్నారు. చంపినవానిని మరువని జనులు, మేలు చేసిన పరదేశినికూడ మరువలేదు. పగ పట్టిన హృదయము ఇట్లుండదని మా తలంపు.

నిర్మలులో ఒక మర్రిచెట్టుండెడిది. 1860లో రాంజీ గోండును అతనితోడివారిని ఇంగ్లీషు ప్రభుత్వము ఉరితీసినది ఆ చెట్టుననే యనియు, వారు వెయ్యిమంది యనియు జనులు చెప్పుకొందురు. ఇప్పుడా చెట్టు లేదు. వెయ్యి ఉరుల మర్రి అను పేరు మాత్రము ఉన్నది.

తిరిగి మన భాగమునకు. గిబియోనీయులను దావీదు పిలిచి, మీకేమి చేయవలెనని అడిగెను. వారు వెండి బంగారములు వద్దనిరి. ఇది గమనింపదగినది. నష్టపరిహారపు సొమ్ము ఇచ్చి సంగతి ముగించుట రాజులకు సులభము. తరువాత వారడిగినది మాత్రము భయంకరమైనది. సౌలు సంతతిలో ఏడుగురిని తమకప్పగింపవలెననిరి. రాజు అప్పగించెను. యోనాతానుతో చేసిన ప్రమాణము నిమిత్తము మెఫీబోషెతును కాపాడి, మిగిలినవారిలోనుండి ఏడుగురిని ఇచ్చెను. యవలకోత ఆరంభములో వారందరు ఒక్కనాడే ఉరితీయబడిరి.

ఇందులో మాకు కష్టమున్నది, దానిని మీకు దాచము. తండ్రి చేసినదానికి కుమారుని చంపరాదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోనే ఆజ్ఞ యున్నది. ఈ ఏడుగురు గిబియోనులో కత్తి పట్టిరని మన భాగము చెప్పుటలేదు. కొందరు వ్యాఖ్యాతలు వారును ఆ దోషములో పాలుగలవారని వ్రాయుదురు. అట్లు చెప్పుటకు ఆధారము మాకు కనబడలేదు. మేము చదువగలిగినది ఇంతమాత్రమే: ఏడుగురు చనిపోయిన వెంటనే కరవు తీరినదని ఇక్కడ వ్రాయబడలేదు. దేవుడు ఎప్పుడు మనవి అంగీకరించెనో 14వ వచనములో ఉన్నది. అది ఎముకలు సమాధి చేయబడిన తరువాత. ఆ రెంటి మధ్య ఒక స్త్రీ ఉన్నది.

ఆమె పేరు రిస్పా, అయ్యా కుమార్తె, సౌలు ఉపపత్ని. ఏడుగురిలో ఇద్దరు ఆమె కుమారులు. ఆమె గోనెపట్ట తీసికొని బండమీద పరచుకొని కూర్చుండెను. కోత ఆరంభము మొదలుకొని శవములమీద వాన కురియువరకు అక్కడనే యుండెను. పగలు పక్షులను వాలనీయలేదు, రాత్రి అడవి మృగములను దగ్గరకు రానీయలేదు. ఎన్ని వారములో, ఎన్ని మాసములో. మన పల్లెలో పొలము కాపు కాయుట అందరికిని తెలిసిన పనియే. మంచెమీద ఒక రాత్రి మెలకువగా నుండుట ఎంత కష్టమో రైతులకు చెప్పనక్కరలేదు. ఆమెకు మంచెయు లేదు, మార్చు మనిషియు లేడు. ఆమె రాజుయొద్దకు పోయి మొరపెట్టలేదు. ఎవరిని శపించినట్లును వ్రాయబడలేదు. అక్కడనుండి లేవలేదు, అంతే. తన ఇద్దరితోపాటు తనవికాని అయిదుగురి శవములనుకూడ కాచినది. పక్షులను తోలునప్పుడు, ఇవి నా బిడ్డలు, అవి సవతి వంశము బిడ్డలని వేరుపరచలేదు.

ఆమె సంగతి రాజునకు తెలిసెను. అప్పుడు ఆయన యాబేష్గిలాదుకు పోయి సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను తెప్పించి, ఉరితీయబడినవారి ఎముకలతోకూడ సమాధి చేయించెను. ఎన్నియో యేండ్లు రాజ్యము చేసియు దావీదు చేయని పని, బండమీద కూర్చున్న ఒక విధవరాలు చేయించినది.

ఇంద్రవెల్లి స్తూపమును ఈ వెలుగులో చూడవలెనని మా మనవి. కాల్పుల తరువాత జనులు దానిని కట్టుకొనిరి. 1986లో దానిని కూల్చివేసిరి. రాయి ఎవరికి ఏమి చేసెను? అయితే అది తిరిగి కట్టబడినది. అనేక సంవత్సరములు ఏప్రిల్ 20వ తేదీన అక్కడ జనులు కూడరాదని నిషేధాజ్ఞలుండెను, దారులలో పోలీసు కాపలా ఉండెను. చనిపోయినవారికి పూలు పెట్టుటకు వచ్చిన ముసలి తల్లులు, ఆపబడినచోటనే నిలిచి దండము పెట్టుకొని వెళ్లిరి. మరుసటి యేట మరల వచ్చిరి. తరువాత కట్టుబాట్లు సడలెను. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రియే ఆ స్తూపమునొద్దకు వచ్చి నివాళి యర్పించెను. నలువది మూడు సంవత్సరములకు. రాజులకు రిస్పా సంగతి తెలియుటకు ఎంతకాలము పట్టునో చూడుడి. ఆ తల్లులు తుపాకి పట్టలేదు. ఏటేట వచ్చి, మా బిడ్డలు ఇక్కడ పడిరని ఆ నేలమీద నిలిచిరి.

మనలో కొందరు, ఇది రాజకీయము, గుడిలో ఎందుకని అడిగెదరు. మా సంఘపు పెద్ద ఒకరు ఈ పాఠము చేతివ్రాతలో చూచినప్పుడే అడిగిరి. ఆయన సదుద్దేశముతోనే అడిగిరి. గుడికి తంటా రాకూడదని ఆయన భయము. ఆయనతో మేమిట్లంటిమి: "అన్నా, కారంచేడులో 1985లోను చుండూరులో 1991లోను మనవారు చంపబడినప్పుడు, ఇది రాజకీయమని ఎవరైనను ప్రార్థన మానినయెడల మనకెట్లుండును?" ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయితే గోండుల పేరు పెట్టే వ్రాయుడి, దాచి వ్రాయకుడి" అనిరి. అట్లే వ్రాసితిమి.

అయితే ఈ పాఠములో మనము గిబియోనీయుల పక్షముననే ఉన్నామని సంతోషించుట సులభము. వెట్టి చేసిన తాతలను తలచుకొని, మనమును ఆ పక్షమే యనుకొందుము. ఇక్కడ జాగ్రత్తగా నుండవలెను. షెడ్యూలు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదని 1959లో చట్టము వచ్చెను. 1970లో దానిని ఇంకను గట్టిపరచిరి. మనవారు దానినే వన్ ఆఫ్ సెవంటీ అని పిలుతురు. అడవి భూమి దున్నుకొనువారికి హక్కు పత్రములిచ్చుటకు 2006లో ఇంకొక చట్టము వచ్చెను. యెహోషువ పెద్దలు చేసిన ప్రమాణమువంటిదే ఇది, దేశము ఒక జనమునకు వ్రాసియిచ్చిన మాట. ఆ మాటకు చుట్టుదారులు కనిపెట్టినవారు షావుకారులు, దొరలు మాత్రమేనా? పాలేరు పేరట భూమి వ్రాయించి పంట తాము తీసికొనువారిలో, ఆదివారము మన ప్రక్కన కూర్చుండి బల్లలో పాలుపొందువారు ఒక్కరును లేరా? సౌలు తన ప్రజల మేలు కోరియే గిబియోనుమీద పడెనని వ్రాయబడియున్నది. మన పిల్లల చదువుకొరకే, మన కూతురి పెండ్లికొరకే గదా అని మనమును అనుకొందుము.

ఈ పాఠమును మూడు వారముల క్రిందట మా పాస్టరేటులో బుధవారపు కూటమున చెప్పితిమి. ఒక సహోదరుడు మధ్యలోనే లేచి వెళ్లెను. ఆ ఆదివారము రాలేదు, తరువాతి ఆదివారమును రాలేదు. మేము ఇంటికి పోవలెనా వద్దా అని తటపటాయించుచుండగా, ఒక సాయంకాలము ఆయనయే వచ్చి, గుడ్డ సంచిలోనుండి కొన్ని కాగితములు తీసి మా బల్లమీద పెట్టెను. భూమి నాలుగెకరములు. పేరు ఒక గోండు మనిషిది. ఆ మనిషి పదునొకండు సంవత్సరములుగా ఆ భూమిలోనే కూలి చేయుచున్నాడు. సహోదరుడు, "అయ్యగారూ, నేను వానికి అన్నము పెట్టితిని, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతిని, నేను సౌలునా?" అని అడిగెను. మేము ఆయనను సౌలు అనలేదు. మేము ఆయనతో కలిసి యెహోషువ 9వ అధ్యాయము మరల చదివితిమి. దయ చూపుచునే కట్టెలకును నీళ్లకును పెట్టిన మాట వచ్చినప్పుడు ఆయన గ్రంథము మూసివేసెను. చాల రాత్రి వరకు కూర్చుంటిమి. అప్పు ఉన్నది, పెద్దకుమారుని ఫీజులు ఉన్నవి, ఇంటిలో అమ్మగారు ఒప్పుకొనలేదు. ఇవి చిన్న సంగతులు కావు. మేము జీతముమీద బ్రతుకువారము గనుక ఆయనకు తేలికగా సలహా చెప్పుటకు మాకు నోరు రాలేదు.

ఆ గోండు సహోదరునితో ఇంకను మాటలాడలేదు. అతనితో మొదట ఎవరు మాటలాడవలెను, ఏమని ఆరంభింపవలెను అనుటలోనే ఆలోచన నిలిచినది. ఈసారి వేసిన పత్తి ఇంకను చేనులో ఉన్నది. ఏరుట అయిన తరువాత ముగ్గురము కూర్చుందమని ఆయన అన్నాడు. ప్రార్థనకూటములలో వారి పేర్లు చెప్పకయే వారిద్దరి కొరకు ప్రార్థన చేయుడి. ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లికి మాతో రాదలచినవారు ముందుగా తెలియజేయవలెను. టిఫిను డబ్బాలు బండిలోనే ఉంచుదము.